మిగ్-21కి 21 నంబరు సూది

"సిరంజి వద్దమ్మా, సూదులు చాలు. 21 నంబరుది ఒకటి, 26 నంబరుది ఒకటి."

మందుల షాపు కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. బెజవాడ సత్యనారాయణపురంలో ఆ షాపుకి మాది ఇరవై ఏళ్ళ ఖాతా. మా అమ్మ బీపీ మాత్రలు, మా ఆవిడ తలనొప్పి మాత్రలు, ఆ తలనొప్పికి కారణమైన నేను, అందరం అతనికి బాగా తెలుసు.

"ఎవరికి మేష్టారూ?"

"విమానానికి."

నిజం నిష్ఠూరం అంటారు. నిష్ఠూరం ఒక్కటే అయితే పర్లేదు, ఒక్కోసారి అనుమానం కూడా. అతను ఇంకేమీ అడక్కుండా సూదులు రెండూ కాగితంలో పెట్టి, ఎవరికీ కనపడకుండా నాలుగు మడతలు వేసి, చేతిలో కుక్కాడు. కొంప ముంచింది ఆ మడతలే. మామూలుగా ఇచ్చుంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. వెనక్కి తిరిగేసరికి మా ఇంటి ఓనరు గారి భార్య, మోకాళ్ళ నొప్పుల మందు కోసం వచ్చినావిడ, నా పిడికిలి వంకే చూస్తున్నారు. ఆవిడ భర్త రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు. వీధిలో అందరూ హెడ్డుగారంటారు. ఉద్యోగం మానేసి ఏడేళ్ళయింది గానీ చూపు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

సంగతేమిటంటే, నేను ప్లాస్టిక్ విమానాల నమూనాలు కడతాను. 'బొమ్మలు' అంటే నాకు రోషం. మా ఆవిడ అదే మాట అంటుంది, కానీ ఆవిడ అంటే రోషం రాదు, అలవాటైపోయింది. బళ్ళో లెక్కలు చెబుతాను కాబట్టి వేసవి సెలవులు దొరుకుతాయి. ఆ సెలవుల్లో అందరూ ఆవకాయ పెట్టుకుంటే నేను విమానం పెట్టుకుంటాను.

ఈసారిది మిగ్-21 బిస్, రష్యా యుద్ధ విమానం మిగ్-21లో ఒక రకం. మన వైమానిక దళంలోకి మిగ్-21 వచ్చింది 1963లో. వీడ్కోలు చెప్పింది 2025 సెప్టెంబరు 26న, చండీగఢ్‌లో. మన రాష్ట్రంలో ఉద్యోగి 62 ఏళ్ళ వయసుకి రిటైరవుతాడు. దీనికి సర్వీసే 62 ఏళ్ళు! ఆ వీడ్కోలు టీవీలో చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను. "మా నాన్న రిటైరైనప్పుడు మీరు ఫంక్షన్‌కే రాలేదు," అంది మా ఆవిడ. నేను మాట్లాడకుండా కిట్ తెప్పించాను.

స్కేలు 48లో ఒకటో వంతు. అసలు విమానం రెక్క కొస నుంచి రెక్క కొసకి 7 మీటర్ల 15 సెంటీమీటర్లు. 48తో భాగిస్తే 15 సెంటీమీటర్లు, అంటే పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలంత. ఐదడుగుల ఎనిమిదంగుళాల పైలట్ మూడున్నర సెంటీమీటర్లకి దిగుతాడు. ఈ లెక్క మా ఆవిడకి ఒకే ఒక్కసారి చెప్పాను. లెక్కల్లో నా క్లాసులో ఎవరూ ఇంత తొందరగా పట్టుకోలేదు. "ఇంట్లో మీరు చేసే పని కూడా ఆ వంతునే ఉంటుంది లెండి," అంది.

పెట్టె మీద బొమ్మ చూస్తే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పెట్టె తెరిస్తే కూర్చుంటాయి. పాత అచ్చులు, చవక కిట్. కాక్‌పిట్ అని వాళ్ళిచ్చింది ఒక తొట్టి, ఒక కుర్చీ, ఒక పుల్ల. మా వీధి మంగలి షాపు కుర్చీకి ఇంతకంటే ఎక్కువ హంగులుంటాయి. అసలు మిగ్ లోపల చూడాలి: డయళ్ళు, మీటలు, స్విచ్చులు, తీగలు దసరాల్లో ఇంద్రకీలాద్రి క్యూలైనులా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. కిట్‌లో లేనివన్నీ చేతికందిన సామానుతో మనమే చేసి పెట్టుకోవడాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. రెండు రోజులు నన్ను గమనించి మా అమ్మ దానికి 'గోకుడు పని' అని పేరు పెట్టింది. ఇంతకంటే మంచి అనువాదం నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఈ గోకుడుకి సగం సామాను వంటింట్లోనూ పూజగదిలోనూ దొరుకుతుంది. కిట్ ముక్కలన్నిటినీ పట్టుకుని ఉండే ప్లాస్టిక్ చట్రం ఒకటుంటుంది, స్ప్రూ అంటారు. దాని ముక్కని కొవ్వొత్తి మంటకి తగలకుండా పైన తిప్పుతూ ఉంటే జావలా మెత్తబడుతుంది. అప్పుడు మంట నుంచి తప్పించి, రెండు చేతులా మెల్లిగా లాగితే వెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. స్విచ్చులకీ మీటలకీ అదే ఆధారం. నాకు మొదట్లో ఎంత లాగినా పుటుక్కున తెగేది. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి చూసి, "తొందరపడుతున్నావురా. అది ఇంకా లేతపాకంలో ఉంది," అంది. ఇంకోసారి, "ఇప్పుడు ముదిరింది." మూడోసారి తనే కూర్చుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, యాభై ఏళ్ళుగా అరిసెల పాకం పట్టిన చెయ్యి. మంట మీద రెండు తిప్పులు తిప్పి, ఇవతలికి తీసి, ఊపిరి బిగబట్టి లాగింది చూడండి, బారెడు తీగ, ఎక్కడా లావూ సన్నం లేకుండా! ఆ తర్వాత తీగల డిపార్టుమెంటు మొత్తం ఆవిడకే అప్పజెప్పాను. సాయంత్రం పూట పక్కింటావిడ పలకరిస్తే, "విమానానికి తీగపాకం పడుతున్నా," అని చెప్పేది. ఆ మాటా కింద వాటాలో ఉండే హెడ్డుగారికి చేరింది.

సీటు బెల్టులకి పల్చటి రేకు కావాలి. మాత్రల స్ట్రిప్పు వెనకుండే అల్యూమినియం రేకు దీనికి పెట్టింది పేరు. వంగుతుంది, వంచినచోట నిలుస్తుంది, ఒళ్ళో పడ్డ బెల్టులా జారుతుంది. ఒకటే చిక్కు, మా ఇంట్లో ఖాళీ స్ట్రిప్పులు లేవు. అందుకని మా అమ్మ బీపీ మాత్రలన్నీ ఒక స్టీలు గిన్నెలోకి ఒలిచేశాను, బఠాణీలు ఒలిచినట్టు. దీనికి ఇంట్లో జరిగిన విచారణ సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఆ రేకుని మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా బ్లేడుతో కోసి, ఫ్యూజు తీగ వంచి బకిల్స్ చేశాను. చక్రాల చుట్టూ టైరుకి నలుపు వేసేటప్పుడు మధ్యలో బిళ్ళకి రంగు అంటకుండా గుండ్రటి మూత కావాలి. మా ఆవిడ బొట్టుబిళ్ళలు సరిగ్గా సరిపోయాయి. నాలుగు సైజుల్లో దొరుకుతాయి, జిగురు కూడా వాళ్ళే రాసి ఇస్తారు. ప్రపంచంలో ఇంకే దేశపు మోడలర్లకీ ఈ సదుపాయం లేదని నా గర్వం.

రంగు దగ్గర బీసెంట్ రోడ్డుకి వెళ్ళక తప్పలేదు. రష్యా వాళ్ళు యుద్ధ విమానాల కాక్‌పిట్లకి ఒక వింత రంగు వేసేవాళ్ళు. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. నాలుగుసార్లు కలిపాను. ఒకసారి ఆసుపత్రి గోడలా వచ్చింది, ఇంకోసారి గోంగూరలా. విసిగి, ఫోన్లో ఫొటో పట్టుకుని బ్లౌజు ముక్కల మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి కుర్రాళ్ళ కంటిచూపు మీద నాకు అపారమైన గౌరవం. ఫొటో అర సెకను చూశాడు. "రామా గ్రీన్‌లో లైటు సార్," అని వెనక్కి తిరక్కుండానే చెయ్యి పెట్టి ఒక తాను లాగాడు. అచ్చం అదే! రష్యా కాక్‌పిట్ మా బెజవాడ అరల్లో మడత పెట్టి ఉంది. "ఎంత కావాలి సార్, మీటరా?" అన్నాడు. "గోరంత," అన్నాను. అతను నవ్వలేదు. మీటరు కొన్నాను. ఆ రంగు చీర మా ఆవిడ దగ్గర లేదు. ముక్క వచ్చాక చీర కూడా కొనాల్సి వచ్చింది. కిట్ కంటే చీర ఖరీదెక్కువ.

ఇక ఫ్యాను సంగతి. ముక్కలు నువ్వుగింజంత, కొన్ని ఆవగింజలో సగం. ఫ్యాను వేస్తే విమానం ఎగరదు గానీ విడిభాగాలన్నీ ఎగురుతాయి. కాబట్టి ఫ్యాను కట్టెయ్యాలి. కిటికీలూ మూసెయ్యాలి, తెరిస్తే ఏలూరు కాలువ దోమలు. ఇదంతా రోహిణి కార్తెలో. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, బెజవాడలో రోలు పగలడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు పగలాల్సింది మనుషులే. బనీను పిండితే గ్లాసుడు. భూతద్దం మీద చెమట బొట్టు పడితే కాక్‌పిట్ ఒక్కసారి ప్రకాశం బ్యారేజీ అయ్యేది. మా అమ్మాయి, "నాన్నా, మిగ్ లోపల ఏసీ ఉండేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఎజెక్షన్ పిడి చేశాను. ప్రాణం మీదికొస్తే పైలట్ లాగేది, లాగగానే కుర్చీతో సహా బయటికి విసిరేసేది. రాగి తీగ, రెండు మిల్లీమీటర్లు, మూడు వంపులు. పాడైన ఇయర్‌ఫోన్ వైరులోంచి తీసిన తీగ. మూడు గంటలు పట్టింది. పట్టకారుతో ఎత్తి కుర్చీ దగ్గరికి తెస్తున్నాను. అప్పుడు పట్టు కాస్త బిగిసింది. 'టిక్' మని చిన్న చప్పుడు, అంతే. పైలట్ రాకముందే పిడి తనంతట తనే ఎజెక్టయిపోయింది.

ఇలాంటప్పుడు మోడలర్లు పాటించే నియమం ఒకటుంది: కూర్చున్నచోటి నుంచి కదలకూడదు, ఎవర్నీ కదలనివ్వకూడదు. "ఎక్కడివాళ్ళక్కడే ఆగండి!" అని అరిచాను. కాఫీ తెస్తున్న మా ఆవిడ గుమ్మంలో ఒంటికాలి మీద ఆగిపోయింది. ఆ భంగిమలో రెండు నిమిషాలు నిలబడి, "కాలు కింద పెట్టచ్చా?" అని అడిగింది. ఆ గొంతులో మర్యాద విని భయపడి, పెట్టమన్నాను. టార్చి లైటు నేలకి పడుకోబెట్టి చూస్తే ఆవగింజకి కూడా చారెడు నీడ పడుతుంది, అలా వెతకాలి. మొజాయిక్ నేల. మొజాయిక్ కనిపెట్టినవాడికి మా మోడలర్ల ఉసురు తగలకుండా పోదు. ఒక హెయిర్‌పిన్నూ, రెండు మెంతిగింజలూ, ఐదేళ్ళ కిందట పోయిన చెవిదిద్దు శీలా దొరికాయి. పిడి దొరకలేదు. మళ్ళీ ఇంకోటి చేశాను. మొదటిది ఇప్పటికీ మా ఇంట్లో ఎక్కడో ఉంది. ఎవరి కాలికైనా తగిలి పొరపాటున లాగబడితే ఏమవుతుందోనని నాకు లోపల ఓ మూల బెదురు.

తెల్ల గీత గురించి మాత్రం చెప్పి తీరాలి. మిగ్ డయళ్ళ పలక మధ్యలో నిలువుగా ఒక తెల్లటి గీత ఉంటుంది. విమానం అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే పైలట్‌కి ఏది ఎటో తెలియదు. అప్పుడు ఆ గీతని చూసి, చేతిలో కర్రని దానికెదురుగా నిటారుగా తోయాలి. ప్రాణం నిలిపే గీత. దాన్ని ఒంటి వెంట్రుక కుంచెతో వేశాను. మొదటిసారి చెయ్యి వణికింది, రెండోసారి కరెంటు పోయింది, మూడోసారి కుదిరింది. సూదులు కూడా అంతే బాగా కుదిరాయి. మిగ్ ముక్కు మీద గాలి వేగం కొలిచే పొడుగాటి గొట్టం ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. 21 నంబరు సూది 0.8 మిల్లీమీటర్ల లావు, 26 నంబరుది అందులో దూరేంత సన్నం. రెంటినీ సానరాయి మీద మొన అరగదీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చితే అచ్చంగా ఆ గొట్టమే. మిగ్-21కి 21 నంబరు సూదే సరిపోవడం దైవలీల.

నలభై రోజులకి కాక్‌పిట్ పూర్తయింది. అందరికీ చూపించాను. మా అమ్మ భూతద్దంలోంచి తన తీగలు గుర్తుపట్టింది. మా ఆవిడ కూడా వంగి చూసి, "బానే ఉంది," అంది. ఇరవై మూడేళ్ళ కాపురంలో నాకు దక్కిన మెచ్చుకోళ్ళలో ఇది మూడోది.

మిగిలింది క్యానొపీ, అంటే పైలట్ తలమీద ఉండే అద్దాల మూత. బిస్‌లో అది కుడిపక్కకి తెరుచుకుంటుంది. తెరిచే పెడదామనుకున్నాను. కానీ మన ఊరి దుమ్ముకి వారం తిరిగేసరికి లోపల వడియాలు పెట్టుకోవచ్చు. మూసెయ్యడమే మంచిదనిపించింది. అద్దం లోపలివైపు బొటనవేలికి గుడ్డ చుట్టి తుడిచాను, గుడ్డ జారితే వట్టి వేలితోనే తుడిచాను.

అద్దాలు అతికించడానికి తెల్ల జిగురు వాడాలి. ఇది మా వాళ్ళకి ఓనమాలు. డబ్బా తీస్తే జిగురు ఎండి గులకరాయి అయింది. రాత్రి పదకొండు గంటలు. పక్కనే మూడు సెకన్లలో అంటుకునే గమ్ము ట్యూబు నన్ను చూసి నవ్వింది. వద్దని తెలుసు. నలభై రోజులు ఓపిక పట్టినవాడికి నలభై ఒకటో రోజు ఓపిక ఉండదు. అంచుల వెంట చుక్కలు పెట్టి, మూసి, నొక్కాను. అంతటితో ఆగానా? దుమ్ము పడకుండా ఐస్‌క్రీము డబ్బా బోర్లించాను. బయట ఉక్క, లోపల ఉక్క, డబ్బా లోపల ఇంకా ఉక్క. హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే ఏడింటికి హెడ్డుగారు పైకి వచ్చారు. "మోటారు ఎక్కువసేపు ఆడుతోంది, చూసిపోదామని," అన్నారు. మోటారు కింద ఉంటుంది, మా గదిలో ఉండదు. ఆయన చూపు నా బల్ల మీద ఒక్కోదాని దగ్గరా ఆగింది. సగం కాలిన కొవ్వొత్తి. ముక్కలుగా కోసిన అల్యూమినియం రేకు. మొన అరగదీసిన సూదులు, అదనంగా తెచ్చుకున్నవి. బ్లేడు. స్టీలు గిన్నెలో స్ట్రిప్పు లేని మాత్రలు. నలభై రోజులుగా రాత్రిపూట మూసిన కిటికీలు. చిక్కి, కళ్ళు గుంటలు పడిన లెక్కల మేష్టారు.

అప్పుడు అర్థమైంది నాకు. చెమట మళ్ళీ మొదటి నుంచీ పట్టింది.

"మేష్టారూ," అన్నారాయన మెల్లిగా, "మీరు పిల్లలకి చదువు చెప్పేవారు. ఏదైనా ఇబ్బందుంటే నాతో చెప్పండి. మన డాక్టర్లున్నారు."

"అయ్యయ్యో, హెడ్డుగారూ! ఇదంతా విమానం! ఆ రేకు సీటు బెల్టులకి! కొవ్వొత్తి మా అమ్మ తీగపాకానికి!" అన్నాను. వింటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. "లోపల అన్నీ కనిపిస్తాయి, మీరే చూడండి," అని ఐస్‌క్రీము డబ్బా ఎత్తాను.

ఏమీ కనిపించలేదు.

క్యానొపీ మొత్తం తెల్లగా, పాలమీగడ పట్టినట్టు మూసుకుపోయి ఉంది. ఆ గమ్ము గట్టిపడేటప్పుడు దాని నుంచి ఆవిరి లేస్తుంది. అది గాల్లో తేమతో కలిసి అద్దం మీద తెల్లటి పొరై కూర్చుంటుంది. మూసిన చోటు, తేమ, రాత్రంతా సమయం, మూడూ నేనే ఇచ్చాను. పొర లోపలివైపు. తుడవాలంటే పగలగొట్టాలి. నలభై రోజుల బెల్టులూ, బకిల్సూ, ప్రాణం నిలిపే తెల్లగీతా, రామా గ్రీన్‌లో లైటూ అన్నీ ఆ మంచులో సమాధి. నా తరఫు సాక్ష్యం మొత్తం పోయింది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. "చలికాలం ఫ్లైటులా ఉంది," అని వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ జాలిగానే అంది.

హెడ్డుగారు మాత్రం వంగారు. కళ్ళజోడు సర్దుకుని, బల్ల మీద నా భూతద్దం తీసుకుని, క్యానొపీని ఆ పక్కా ఈ పక్కా వెలుగుకి తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. ముఖంలో అనుమానం పోయి, ఇంకేదో వచ్చింది, పాత స్నేహితుడు కనపడ్డట్టు.

"గమ్ము ఆవిరేనా ఇది? మా క్లూస్ టీము వాళ్ళు సరిగ్గా ఇలాగే చేసేవాళ్ళండీ. డబ్బాలో వస్తువు పెట్టి, ఈ గమ్మే వేడి చేసి, మూత పెట్టేసేవాళ్ళు. కంటికి కనపడని వేలిముద్రలు తెల్లగా తేలేవి. ఇటు రండి."

చూశాను. అద్దం నడిబొడ్డున, పైలట్ తలకి సరిగ్గా పైన, చుట్లు చుట్లుగా, లెక్కపెట్టుకోడానికి వీలుగా, నా బొటనవేలు.

"ఎంత క్లియరుగా పడిందో చూడండి! సర్వీసులో ఇంత మంచి ముద్ర నేను చూడలేదు. ఏ కోర్టులోనూ కాదనలేరు, ఈ పని మీరే చేశారు." నా భుజం తట్టారు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మగారూ, మీ అబ్బాయిది శంఖం కాదు, చక్రం," అన్నారు.

మా అమ్మ భూతద్దం అందుకుని, పాకం పరీక్షించినంత శ్రద్ధగా చూసింది. "చక్రమే," అంది. "వాళ్ళ నాన్నదీ అంతే. విమానానికి ఎన్ని చక్రాలురా?"

"మూడు," అన్నాను.

"ఇప్పుడు నాలుగు," అని ఆవిడ లేచి వెళ్ళి ఫ్యాను వేసింది.